బండి బేరమున ఇల్లాలి లెక్క



ఇల్లు కట్టుట, బిడ్డ పెండ్లి చేయుట, పిల్లలను చదివించుట — ఈ మూడింటి తరువాత నేటి మధ్యతరగతి సంసారమున మిక్కిలి ధనము ఒక్కమారుగా వ్యయమగునది కారు కొనునపుడే. ఆ మూడింటి విషయమున ఇల్లాలిని సంప్రదించు కుటుంబములు సైతము కారు కొనునపుడు ఆమెను రంగు ఏరుటకు మాత్రమే పిలుచుచున్నవి. షోరూములో బల్లకు ఈవల పురుషులును, ఆవల విక్రేతయు కూర్చుండి లెక్కలు మాటలాడుచుండగా, ఆమె పిల్లల చేతులు పట్టుకొని అద్దముల ప్రక్కన నిలుచుండును. కట్టకడపట, "మేడం, ఎరుపు తీసుకుంటారా, తెలుపు తీసుకుంటారా?" అను నొక ప్రశ్న ఆమె వంతునకు వచ్చును.

ఇది వింతగా లేదా? కూరల గంప దింపిన క్షణమున సరకు మేలిమిని కనిపెట్టు కన్ను ఆమెది. పట్టుచీర మడత విప్పి, జరీని వ్రేలితో తడవి, చెప్పిన ధరలో ఎంత నిజమో ఎంత గాలియో గ్రహించునది ఆమె. నగల దుకాణమున బంగారపు ధర వేరు, తరుగు వేరు, మజూరీ వేరు, రాళ్ల ఖరీదు వేరు అని విడదీసి అడుగునదియు ఆమెయే. బంగారము ధరపై బేరము సాగదనియు, తరుగుపైనను మజూరీపైనను సాగుననియు ఏ పాఠశాలలోను చదువకయే ఆమె ఎరుగును. కారు బేరమునకును ఈ విద్యయే చాలును. ధరను ముక్కలుగా విడదీయవలెను. ఏ ముక్క బేరమునకు లొంగునో, ఏది లొంగదో తెలిసికొనవలెను. ఆ పిమ్మట వస్తువు విలువను మన యవసరముతో తూచవలెను. నేను చెప్పదలచిన దింతయే. తక్కినదంతయు దీనికి వివరణము.

మన పెద్దల కాలమున కారు బేరమన్న మాటయే లేకుండెను. అంబాసిడరు గాని, ప్రీమియర్ పద్మిని గాని కోరినవారు ముందుగా సొమ్ము కట్టి ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. వంతు వచ్చిన బండిని ఎక్కువ ధరకు మరియొకరికి అమ్ముకొన్నవారును కలరు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చెను. 1991 నాటి ఆర్థిక సంస్కరణల తరువాత విదేశీయ సంస్థలు పెక్కు మన దేశమున కర్మాగారములు నెలకొల్పెను. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయెను. వస్తువు కొరకు జనులు వేచియుండిన కాలము పోయి, జనుల కొరకు వస్తువు వేచియుండు కాలము వచ్చినది. ఐనను, బండి దొరకుటయే మహాభాగ్యమని తలచు పాత యలవాటు మాత్రము మనలో ఇంకను పూర్తిగా వదలలేదు. బేరమాడిన చిన్నతనమగునేమో యని సంకోచించువారు, కూరగాయల బండివానితో రెండు రూపాయలకు వాదులాడి, షోరూములో ఇరువది వేలు మాటలేక విడిచి వచ్చుచుందురు.

అమెరికాలో 1958వ సంవత్సరమున ఒక చట్టము చేసిరి. కొత్త కారు తయారుచేయువారు దాని కిటికీ యద్దముపై ఒక చీటీ అంటించి, అసలు ధర ఎంత, అదనపు అమరికల వెల ఎంత, రవాణాకు ఎంత అని విడివిడిగా చూపవలెనని ఆ చట్టము. దానిని ప్రతిపాదించిన సెనేటరు మోన్రోనీ పేరిటనే ఆ చీటీని నేటికిని పిలుచుచున్నారు. అట్టి చీటీని మన ఇంటి నోటుపుస్తకములో మనమే వ్రాసికొందము. ఒక పుటను నాలుగు గడులుగా గీయుడు. మొదటిది తయారీదారుని ధర; రెండవది ప్రభుత్వపు సొమ్ము; మూడవది బీమా; నాలుగవది దుకాణపు సొమ్ము. విక్రేత చెప్పు "ఆన్‌రోడ్డు ధర" ఈ నాలుగింటి మొత్తమే. మొత్తము మాత్రము చెప్పి ముక్కలు చెప్పనివానితో బేరము మొదలుపెట్టనే వలదు.

మొదటి గడిలోనిది "ఎక్స్-షోరూము ధర". దీనిని తయారీదారుడు నిర్ణయించును. జీఎస్టీ ఇందులోనే కలిసియుండును. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి ఈ పన్ను మారినది. నాలుగు మీటర్లకు మించని పొడవు గలిగి, పెట్రోలు ఇంజను 1200 సీసీకి గాని, డీజిలు ఇంజను 1500 సీసీకి గాని లోబడియున్న చిన్న కార్లకు నూటికి 18 చొప్పునను, అంతకు పెద్దవానికి నూటికి 40 చొప్పునను, విద్యుత్తు కార్లకు నూటికి 5 చొప్పునను పన్ను. కావున బండి నాలుగు మీటర్ల గీత దాటినచో, ధరతోపాటు పన్ను శాతము కూడ మారుననుట జ్ఞాపకముంచుకొనవలెను.

ఈ ధర అచ్చు కాగితముపై ఉన్నది గనుక తగ్గదని విక్రేత చెప్పవచ్చును. కాగితము తగ్గకపోయినను రాయితీ వేరుగా వచ్చును. తయారీదారుడిచ్చు రొక్కపు తగ్గింపు, పాతబండి మార్పిడికి ఇచ్చు అదనపు మొత్తము, ఉద్యోగులకిచ్చు ప్రత్యేకపు తగ్గింపు అని ఇవి పలు తెరగులు. ప్రభుత్వోద్యోగులకును, ఉపాధ్యాయులకును కొన్ని సంస్థలు ఇట్టి తగ్గింపు నిచ్చుచున్నవి. అడిగి, గుర్తింపు పత్రము చూపినవారికే అది దక్కును. అడగనిదే అమ్మయినా పెట్టదను సామెత షోరూమునకు బాగుగా వర్తించును. ఇవి గాక విక్రేతకు తన లాభములో కొంత విడుచుకొను స్వతంత్రము కలదు. వర్తకునకు లాభము కూడదని నేననుట లేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము సైతము స్వదేశపు సరకుపై నూటికి ఐదును, పరదేశపు సరకుపై నూటికి పదియు లాభము అనుమతించినది. న్యాయమైన లాభమును కాదనక, దానిపై కట్టిన మేడను మాత్రము ప్రశ్నింపవలెను.

రెండవ గడిలోనిది ప్రభుత్వపు సొమ్ము: జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మొదలైనవి. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను జీవితకాలపు పన్ను బండి ధరను బట్టి శ్రేణులుగా ఉన్నది; ధర హెచ్చినకొలది శాతము హెచ్చును. ఇందు బేరము లేదు. కాని సరిచూచుకొనుట కలదు. రవాణాశాఖ రశీదులోని అంకెయు, విక్రేత వ్రాసిన అంకెయు ఒక్కటియేనా యని చూడవలెను. బండి ధర 10 లక్షలు మించినయెడల నూటికొక రూపాయి చొప్పున ఆదాయపు పన్ను ముందుగా వసూలు చేయుదురు. ఇది పోయిన సొమ్ము కాదు. కొన్నవారు ఆదాయపు పన్ను లెక్క దాఖలు చేయునపుడు తమ పన్నులో సరిపుచ్చుకొనవచ్చును. అధికమైనచో తిరిగి పొందవచ్చును. అందులకు విక్రేతనుండి ధ్రువపత్రము తప్పక తీసికొనవలెను. ఈ సంగతి ఎరుగక పది పండ్రెండు వేలు విడిచిపెట్టినవారు అనేకులు.

మూడవ గడి బీమా. ఇతరులకు కలిగించు నష్టమునకై చేయు బీమా, సుప్రీముకోర్టు ఆదేశమును బట్టి 2018 సెప్టెంబరు 1నుండి కొత్త కార్లకు మూడేండ్లకు ఒక్కసారిగా తీసికొనవలసియున్నది. దాని రుసుమును ప్రభుత్వము నిర్ణయించును గనుక ఎక్కడ కొన్నను ఒక్కటియే. మన బండికి కలుగు నష్టమునకై చేయు బీమా మాత్రము కంపెనీకొక తీరున ఉండును. షోరూమువారు చూపిన కాగితముననే చేవ్రాలు చేయవలెనను నిర్బంధము లేదు. నచ్చిన కంపెనీవద్ద నచ్చిన బీమా తీసికొను హక్కు కొనువారిది. ముందురోజు ఇంటివద్దనే కూర్చుండి రెండు మూడు కంపెనీల ధరలు తెలిసికొని, ఆ కాగితము చేతబట్టుకొని వెళ్లిన, షోరూమువారి బీమా ధర దానంతట అదియే దిగివచ్చుట మీరు చూడగలరు.

ఐతే, చౌక బీమా వెదకుచు అవసరమైనదానిని తెగగోయరాదు. సాధారణపు బీమాలో ప్లాస్టికు, రబ్బరు భాగములు చెడిపోయినచో సగము ఖర్చే ఇత్తురు. తక్కిన సగము మనము పెట్టుకొనవలెను. నేటి కార్ల ముందు వెనుకల బంపర్లు ప్లాస్టికువే గదా! కావున మొదటి కొన్ని యేండ్లు తరుగు లెక్కింపని బీమా తీసికొనుట మేలు. మరియు యజమాని స్వయముగా బండి నడుపువాడైనచో, ఆయనకు ఇదివరకే అట్టి బీమా లేనియెడల, 15 లక్షల రూపాయల ప్రమాద బీమా తప్పనిసరి. ఆ పత్రములో నామినీ యని ఒక వరుస యుండును. అక్కడ ఎవరి పేరున్నదో చదివి చూడనిదే ఇల్లాలు షోరూము విడిచి రాకూడదు. 2021 నుండి బండి రిజిస్ట్రేషను పత్రములోను నామినీ పేరు వ్రాయించుకొను వీలు కలిగినది. అశుభము పలుకుచున్నానని అనుకొనవలదు. ఇంటి పెద్దకు కీడు మూడిననాడు, బండిని తన పేరికి మార్చుకొనుటకై కార్యాలయముల చుట్టు తిరుగవలసినది ఇల్లాలే కనుక ఈ మాట చెప్పుచున్నాను.

నాలుగవ గడి దుకాణపు సొమ్ము. నగలకు తరుగు ఎట్టిదో కారునకు ఇది అట్టిది. బేరమునకు అన్నిటికంటె ఎక్కువ చోటు ఇచ్చటనే కలదు. "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అని కొన్ని వేలు వ్రాయుదురు. బండిని గిడ్డంగినుండి షోరూమునకు తెచ్చిన కూలి యని దానికి అర్థము చెప్పుదురు. ఇది ప్రభుత్వము విధించిన పన్ను కాదు. అమ్మదలచిన వస్తువును అంగడికి తెచ్చుకొనుట అంగడివాని పని. "ఇది ఏ నియమము ప్రకారము వేసితిరో వ్రాసి యిండు" అని మర్యాదగా అడిగిన, అది తరచుగా మాయమగును. అట్లే కాలిక్రింది చాపలు, ఆసనముల తొడుగులు, రంగుపై పూత, అడుగున తుప్పునకు పూత అని ఒక మూట కట్టి చూపుదురు. వానిలో ఏవి కావలెనో ఏరుకొని తక్కినవానిని కొట్టివేయుడు. బైట దుకాణములలో ఆసనపు తొడుగుల ధర ముందే విచారించి యుండుడు. హామీకాలమును పొడిగించు పత్రము కొన్ని బండ్లకు ఉపయోగకరమే. కాని దానిని కొన్ననాడే తీసికొనవలెనా, మొదటి హామీ ముగియులోపల ఎప్పుడైనను తీసికొనవచ్చునా యని అడిగి తెలిసికొనుడు.

ఇక అప్పు సంగతి. సంసారమును ముంచునదైనను, తేల్చునదైనను ఇదియే. షోరూములో మొదటి ప్రశ్న ఇట్లుండును:

"అమ్మా, మొత్తం సంగతి తరువాత చూద్దాం. నెలకు ఎంత కట్టగలరో చెప్పండి, చాలు."

దీనికి నేను వినిన మంచి సమాధానము ఒక పెద్దమ్మగారిది: "బాబూ, నెల సంగతి మా ఇంటి సంగతి. మొత్తమెంతో మీరు చెప్పండి, కాగితం మీద రాసివ్వండి."

ఈ సమాధానములో ఎంత లోకజ్ఞానమున్నదో లెక్క చూడుడు. ఎనిమిది లక్షల యప్పు, ఏటికి నూటికి 9 వడ్డీ, ఐదేండ్ల గడువు అనుకొందము. నెలకు సుమారు 16,607 రూపాయలు కట్టవలెను. మొత్తము వడ్డీ సుమారు 1 లక్ష 96 వేలు. అదే యప్పును ఏడేండ్లకు సాగదీసిన, నెలకు 12,871 రూపాయలే యగును. వినుటకు ఎంత హాయిగా నున్నది! కాని మొత్తము వడ్డీ 2 లక్షల 81 వేలకు పెరుగును. నెలకు 3,700 తగ్గినదని సంతోషించినవారు, ఎనుబదియైదు వేలు ఎక్కువ ఇచ్చుకొందురు. మూడేండ్లు గడచుసరికి ఐదేండ్ల యప్పులో మిగులునది సుమారు 3 లక్షల 64 వేలు; ఏడేండ్ల యప్పులో మిగులునది 5 లక్షల 17 వేలు. ఆనాడు ఏ కారణముచేతనైనను బండి అమ్మవలసి వచ్చినచో, అమ్మిన సొమ్ము అప్పునకే చాలని దుస్థితి కలుగవచ్చును.

మరియొక జాగ్రత్త. "వడ్డీ ఏడే" అనగానే మురియవలదు. అది తగ్గుచున్న అసలుపై ఏడా, మొదటినుండి తుదివరకు మొత్తము అసలుపై ఏడా యని అడుగవలెను. రెండవ విధమున ఎనిమిది లక్షలకు ఐదేండ్ల వడ్డీ 2 లక్షల 80 వేలు, నెలకు 18,000. తగ్గుచున్న అసలుపై లెక్క వేసినచో ఇది ఇంచుమించు నూటికి పండ్రెండున్నర! పేరు ఏడు, పెట్టునది పండ్రెండున్నర. రిజర్వుబ్యాంకు ఆదేశమును బట్టి 2024 అక్టోబరు 1నుండి బ్యాంకులును, ఋణసంస్థలును ఇట్టి యప్పులకు ముఖ్యాంశముల పత్రము ఒకటి ఇయ్యవలసియున్నది. అందు రుసుములు కూడ కలిపిన వార్షికపు రేటు స్పష్టముగా నుండును. ఆ పత్రములోని ఆ ఒక్క అంకెను బట్టి రెండు మూడు బ్యాంకులను పోల్చి చూచుకొనుడు. షోరూమువారి ద్వారా తీసికొనుటకు ముందు, మీ జీతము జమయగు బ్యాంకులో విచారించుట మరువకుడు.

పాతబండి మార్పిడికి ఇచ్చువారు, ఆ బేరమును కొత్తబండి బేరముతో కలుపరాదు. కొత్తదానిపై పది వేలు తగ్గించి, పాతదానిపై ఇరువది వేలు తగ్గించి తీసికొన్నచో, చేతికి తీపి, సంచికి చేదు. మొదట బైట ఇద్దరు ముగ్గురికి పాతబండిని చూపి ధర కట్టించుడు. కొత్తబండి ధర కాగితముపై కుదిరిన తరువాతనే పాతదాని మాట ఎత్తుడు. కొత్తబండి ధర, పాతబండి ధర, అప్పు, బీమా — ఈ నాలుగును నాలుగు బేరములు. ఒక్కొక్కటి ముగిసిన పిమ్మటనే మరియొకటి.

బేరమునకు కాలమును కలదు. నెలాఖరునను, మార్చిలోను అమ్మకముల లెక్క పూర్తిచేయవలెనను తొందర విక్రేతలకు ఉండును. డిసెంబరులో తగ్గింపులు మిక్కుటము. ఏలయనగా, జనవరి రాగానే ఆ బండి "పోయిన యేటి బండి" యగును. పదియేండ్లు వాడుకొనదలచిన కుటుంబమునకు ఇది లాభమే. మూడేండ్లలో మార్చదలచినవారు మాత్రము అమ్మునపుడు కొంత నష్టపడుదురు. శూన్యమాసములలోను, మౌఢ్యములలోను మనవారు కొనరు గనుక అప్పుడు గిరాకి తగ్గును. బేరము అప్పుడు ముగించి, బండి ఇంటికి తెచ్చుట మంచిదినమున పెట్టుకొనవచ్చును. దీనికి విరుద్ధముగా, దసరానాటి ఉదయము పది గంటలకు ముహూర్తము పెట్టుకొని, నిమ్మకాయలు, కొబ్బరికాయ, పసుపు కుంకుమలతో షోరూమునకు పోయి అప్పుడు బేరమాడువారికి ఏమి దక్కును? చుట్టములందరు వచ్చియుందురు, పూలదండ బండికి వేసియుందురు. అప్పుడు చూపిన కాగితము మీదనెల్ల చేవ్రాలు చేయవలసినదే. ముహూర్తము మనకు శుభము కావలెను గాని విక్రేతకు ఆయుధము కారాదు.

ఇంతవరకు ధర సంగతి. విలువ వేరొక సంగతి. పది వేలు తగ్గించి కొన్నంతమాత్రమున అక్కరలేని బండి అక్కరకు రాదు.

విలువకు మొదటి కొలత మన వాడుక. ఏటికొకమారు ఎనిమిదిమంది కలిసి తిరుపతికి పోవుదుమని పెద్దబండి కొనువారు కలరు. చిన్నబండికంటె నాలుగు లక్షలు ఎక్కువ పెట్టి ఎనిమిదేండ్లు ఉంచుకొన్న, ఆ పెద్దతనమునకే ఏటికి 50 వేలు. మరల అమ్మినపుడు కొంత తిరిగి వచ్చునన్నను, మిగిలినదానితో ప్రతి యేడును యాత్రకు బండి అద్దెకు తీసికొనవచ్చునేమో లెక్క వేయుడు. పాశ్చాత్య దేశములలో పడకయు వంటగట్టును గల ఇంటిబండ్లు, కాంపర్ వ్యానులు, కొనువారికిని ఇదే లెక్క: ఏటికి ఎన్ని రాత్రులు అందులో నిద్రింతుమని. అత్తమామలు, పిల్లలు కలిసి వారమువారము ఏడుగురు ప్రయాణము చేయు కుటుంబమైనచో పెద్దబండి సార్థకమే. అప్పుడు మూడవ వరుసలో పెద్దవారు మోకాళ్లు మడవకుండ కూర్చుండగలరా, ఆ వరుస నిండినపుడు రెండు పెట్టెలు పెట్టుటకైనను వెనుక చోటున్నదా యని చూడవలెను. మోకాళ్ల నొప్పులు గల అత్తగారిని షోరూమునకు తీసికొనిపోయి, నాలుగు మార్లు ఎక్కి దిగుమని అడుగుట ఏ పత్రికలోని పరీక్షకంటెను నమ్మదగిన పరీక్ష.

రెండవ కొలత తరుగుదల. బీమా కంపెనీలు బండి విలువను లెక్కించు పట్టికలో, తయారీదారుని ధరపై మొదటి ఆరు నెలలలో నూటికి 5, ఏడాదిలోపు 15, రెండేండ్లలోపు 20, మూడేండ్లలోపు 30, నాలుగేండ్లలోపు 40, ఐదేండ్లలోపు 50 తగ్గింతురు. పది లక్షల బండి ఐదవ యేట ఐదు లక్షలుగా లెక్కకు వచ్చును. అంగడి ధర దీనికి కొంత అటునిటుగా నుండవచ్చును. మరియు ఈ లెక్క ఎక్స్-షోరూము ధరపైననే. మనము కట్టిన జీవితకాలపు పన్ను, బీమా ఇందులోనికి రావు. బంగారము దాచిన పెరుగును, బండి దాచిన తరుగును. కావున కారును ఆస్తియని తలచి అప్పు పెంచుకొనరాదు. అది మనకు చేయు సేవకై మనమిచ్చు కూలి యని తలచుట మంచిది.

మూడవ కొలత నడుపు ఖర్చు. ఏటికి 10,000 కిలోమీటర్లు తిరుగు కుటుంబమునకు, లీటరునకు 15 కిలోమీటర్లిచ్చు బండికి 667 లీటర్లును, 20 ఇచ్చు బండికి 500 లీటర్లును కావలెను. లీటరు నూరు రూపాయలని సులువుగా లెక్కించినను, ఏటికి పదునారు వేల ఏడువందలు తేడా. సర్వీసు కేంద్రము మీ యూరిలో నున్నదా, అరువది కిలోమీటర్ల దూరమున నున్నదా యనునదియు ఖర్చే.

నాలుగవ కొలత ప్రాణరక్ష. దీనికి వెల కట్టలేము గనుక దీనిని చివర చెప్పితిని గాని, చూడవలసినది మొదట. 2023 అక్టోబరు 1నుండి మన దేశమున భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్షావిధానము అమలులోనికి వచ్చెను. కారును అడ్డుగోడకు గుద్దించి, లోపలి బొమ్మలకు కలిగిన దెబ్బలను కొలిచి, పెద్దలకు వేరుగను పిల్లలకు వేరుగను ఐదు నక్షత్రములవరకు ఇత్తురు. విక్రేత మాట విని ఊరకుండక, పెద్దల నక్షత్రములతోపాటు పిల్లల నక్షత్రములును అడుగుడు. పైకప్పున అద్దపు కిటికీకి లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి, రక్షణ తక్కువైన బండిని ఎన్నుకొనుట, పట్టుచీర కొని తాళిబొట్టు తాకట్టు పెట్టినట్లుండును.

బేరమాడు తీరును గూర్చి కొన్ని మాటలు. ఒకే బండి, ఒకే రకము, ఒకే రంగునకు కనీసము మూడు షోరూములనుండి నాలుగు గడుల లెక్క వ్రాయించి తెచ్చుకొనుడు. గొంతు పెంచవలదు, వేళాకోళము వలదు. ఎదుట కూర్చున్న పిల్లవాడు జీతమునకు పనిచేయువాడు, ఏ యింటి బిడ్డయో. "వారు ఇంతకు ఇచ్చుచున్నారు, మీరు ఎంతకు ఇయ్యగలరు?" అని కాగితము చూపి ఊరకుండుడు. మౌనము బేరములో సగము పని చేయును. "ఈ ధర ఈ రోజే" అన్నచో, "సరే బాబూ, రేపు వచ్చి కనుగొందుము" అని లేచి రండు. తలుపు దాటకముందే పిలుపు వచ్చుట కలదు. రాకపోయినను నష్టము లేదు. మిగిలిన రెండు షోరూములు ఉన్నవి గదా. మిక్కిలి గిరాకియై నెలల తరబడి వేచియుండవలసిన బండ్లపై మాత్రము తగ్గింపు రాదు. అప్పుడు నాలుగవ గడి మీదనే దృష్టి నిలుపుడు. కుదిరినదెల్ల కాగితముపై వ్రాయించి, ముద్ర వేయించి, పిమ్మటనే బయానా ఇండు. బయానా తిరిగి వచ్చు నియమమును వ్రాయించుడు.

రిజిస్ట్రేషను కాకముందు పగటివెలుతురున బండిని చూడవలెను. ఇది ధాన్యపు బస్తాను బొరుగుతో పొడిచి చూచుటవంటిది. విక్రయపత్రములో తయారైన నెల, సంవత్సరము ఉండును. దానిని బండిపై చెక్కిన పదునేడు అక్షరముల సంఖ్యతోపాటు సరిచూడుడు. టైరు ప్రక్కన నాలుగు అంకెలుండును: 3225 అనగా 2025వ సంవత్సరము 32వ వారమున తయారైనదని అర్థము. నాలుగు చక్రములను, అదనపు చక్రమును చూడుడు. ఎన్ని కిలోమీటర్లు తిరిగినదో, తలుపుల యంచుల రంగులో తేడా కలదేమో, వెనుక ఆసనపు పట్టీలు బిగియుచున్నవో లేవో పరిశీలించుడు. లోపము కనబడినచో మరియొక బండి అడుగు హక్కు ఆనాడు సులువుగా చెల్లును. రిజిస్ట్రేషను ఐన తరువాత అది వ్యాజ్యమగును. అన్యాయము జరిగినయెడల 1915 అను సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు చెప్పవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. అందులకు రశీదులన్నియు ఒక సంచిలో భద్రపరచియుండవలెను.

ఇందులో ఇల్లాలికి తెలియని విద్య ఏది? కూడిక, తీసివేత, ఓపిక, రశీదు దాచుట, తొందరపడకుండుట — ఇవన్నియు దినమును ఆమె చేయుచున్న పనులే. ఇంటివారితో పోటీపడి ముందుకు రమ్మని నేను చెప్పుట లేదు. షోరూమునకు పోవుటకు ముందురాత్రి భోజనముల తరువాత, నోటుపుస్తకమున నాలుగు గడులు గీసి, ఇంటిల్లిపాది నడుమ పెట్టి, "మొదట ఇది నింపుదము" అనుడు. ఇంటివారు కాదనరు. ఏడేండ్లు వాయిదా కట్టునపుడు పాలచీటీలోను, పిల్లల ఫీజులోను, తన చీరలోను తగ్గించుకొని సర్దుకొనవలసినది ఆమెయే. సర్దుకొనవలసినవారికి లెక్క అడుగు అధికారము మొదటినుండియు కలదు. రంగును గూర్చి తరువాత ఆలోచింపవచ్చును.